పీఠం మీద మడతలు

ఆమె ఇస్త్రీ కొట్టు వీధి మలుపులో ఉంది. ఒక గది, ఒక బల్ల, రెండు ఇస్త్రీ పెట్టెలు, గోడ పొడవునా చీటీలు గుచ్చిన బట్టల మూటలు. వీధిలో అందరికీ ఆమె ఇస్త్రీ అక్కే. అసలు పేరు చెప్పమంటే మొగుడు కూడా కాసేపు ఆలోచించేవాడు.

వారమంతా జనం బట్టలు, శుక్రవారం మాత్రం దేవుడి బట్టలు. గుడిలో బలిపీఠం మీద పరిచే గుడ్డలు, పూజలో ఫాదర్ గారు పానపాత్ర తుడిచే చిన్న గుడ్డలు ఇరవై రెండేళ్లుగా ఆమే ఉతికి, ఇస్త్రీ చేసి పంపేది. వాటికో పద్ధతి ఉంది. పరిచే గుడ్డని లోపలికే మూడు మడతలు, మళ్లీ అడ్డంగా మూడు మడతలు వేయాలి, పూజలో ప్రభువు శరీరమయ్యే అప్పం, అదే సత్ప్రసాదం, రవ్వ పడినా జారిపోకూడదు. తుడిచే గుడ్డ జాడించిన తొలి నీళ్లు కాలువలో కాదు, మట్టిలో పోయాలి. ఆ సాయంత్రం కొట్టు తలుపు సగం మూసి, మరియమ్మకి మంగళవార్త జపం చెప్పుకుంటూ పని చేసేది. ప్యాంటు అర్జెంటంటూ ఎవరొచ్చినా "రేపు రా" అనేది.

ఆ గుడిలో చిచ్చు రేగింది. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు పీఠం ముందున్న పాత చెక్క రెయిలింగు తీయించేద్దామన్నారు. దాని దగ్గర మోకరించి సత్ప్రసాదం తీసుకునే అలవాటున్నవాళ్లు ఒంటికాలి మీద లేచారు. నిలబడి తీసుకుంటే తప్పేంటని మిగతావాళ్లు. రెండు నెలలు తిరక్కుండా గుడి మోకాళ్లవాళ్లు, నిలువుకాళ్లవాళ్లు అని రెండుగా చీలింది. మొదటివాళ్లు కుడివైపు బెంచీలు, రెండోవాళ్లు ఎడమవైపు. పూజలో ఒకరికొకరు శాంతి సమాధానం చెప్పుకోమంటే ఎవరివైపు వాళ్లే చెప్పుకునేవారు. శత్రువుని కూడా ప్రేమించమన్న ప్రభువు ఎదుటే ఇంత పంతం పట్టడం మామూలు వాళ్ల వల్ల కాదు.

మోకాళ్లవాళ్లకి పెద్దదిక్కు ఇస్త్రీ అక్క ఆడపడుచే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, ఈవిడ సగంతో సరిపెట్టుకునే రకం కాదు. పిటిషన్ తెచ్చి వదినని సంతకం పెట్టమంది. మర్నాడు అటువైపు వాళ్లూ ఇంకోటి తెచ్చారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇస్త్రీ అక్క దేని మీదా పెట్టలేదు. ఆమెకి మోకరించడమూ ఇష్టమే, నిలబడటమూ ఇష్టమే.

దాంతో ఇద్దరికీ కానిదైంది. సంఘం మీటింగులో ఆడపడుచు లేచి, ఏ పక్షమూ లేని మనిషి చేతుల్లో పీఠం గుడ్డలెందుకంది. ఇన్నేళ్లు ఒకరి దగ్గరే ఉంటే సొంత సొత్తనుకుంటారని కూడా అంది. నిలువుకాళ్లవాళ్లు, మాకూ సంతకం పెట్టలేదుగా అన్నారు. ఫాదర్ గారు ఇంకో గొడవెందుకని తలూపారు. ఆ శుక్రవారం నుంచి గుడ్డలు ఆడపడుచు ఇంటికి వెళ్లాయి.

ఇస్త్రీ అక్క కొట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక ఆ గుడి గడప తొక్కనంది. బస్సు డిపోలో మెకానిక్ పని చేసే మొగుడు చేతుల గ్రీజు తుడుచుకుంటూ, "నీ అలక దేవుడి మీదా, దేవుడి చుట్టాల మీదా?" అన్నాడు. ఆమెకి ఒళ్లు మండింది. అయినా ఆదివారం పొద్దున్నే తయారైంది.

చిట్టచివరి బెంచీలో కూర్చుంది. మొదటి వారం పీఠం మీద మడతలు చూసి పళ్లు కొరుక్కుంది. రెండో వారమూ అంతే. మూడో వారం, చూసి మాత్రం చేసేదేముందని, విసుగ్గా కళ్లు పైకెత్తింది. ఫాదర్ గారు అప్పాన్ని ఎత్తి చూపిస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా ఆ క్షణంలో తను చూస్తున్నది అప్పాన్ని కాదు, దాని కింది గుడ్డనని అప్పుడు తెలిసింది. అంచు కుదిరిందా, మరక పోయిందా అన్నదే ధ్యాస. ప్రభువు ఇంటికొస్తే పలకరించకుండా దుప్పటి సర్దుతూ కూర్చుందన్నమాట. సిగ్గేసింది, నవ్వొచ్చింది, వెనకే పట్టలేనంత సంతోషం వచ్చింది. చేతిలో పనిలేకపోయినా, ఏ పక్షమూ కాకపోయినా ఆయన తన కోసం వచ్చాడు. ఇంటికెళ్లే దారంతా పాడుకుంటూనే ఉంది. మొగుడు అనుమానంగా చూశాడు.

ఆరో వారం ఆడపడుచు భక్తి కొద్దీ తుడిచే గుడ్డలకి కూడా దట్టంగా గంజి పెట్టింది. పరిచే గుడ్డకి గంజి ఉండాలి, తుడిచేదానికి ఉండకూడదు. గంజి గుడ్డ చుక్క పీల్చదు. సత్ప్రసాదం పంచాక ఫాదర్ గారు పాత్ర కడిగి తుడవబోతే అది అట్టముక్కలా ఫెళఫెళమంది, పాత్రలో తడి జారి పీఠమంతా అయింది. ఎడమ బెంచీల్లో కిసుక్కుమన్నారు. ఆడపడుచు తలొంచుకుని, పూజ అవుతూనే వెళ్లిపోయింది.

ఫాదర్ గారు ఇస్త్రీ అక్కని పిలిచి, గుడ్డలు మళ్లీ మీరే తీసుకోండమ్మా అన్నారు. సరే అన్నమాట నోటిదాకా వచ్చింది. ఆమె కోరుకున్నది అదే కదా. కానీ తను తీసుకుంటే ఆడపడుచు మళ్లీ గుడి మొహం చూడదు. ఆ పంతం సంగతి తనకి తెలియంది కాదు. ఆలోచించి చెప్తానంది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి ఆడపడుచే సంచితో నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"తీసుకో వదినా. నావల్ల కాదు. నలుగురూ నవ్వుతున్నారు."

"మొదటి నెల్లో నేను పెద్ద గుడ్డ కాల్చేశాను. నేర్పిన ముసలి సిస్టర్ గారు నాలుగు చివాట్లు పెట్టి, మళ్లీ నా చేతికే ఇచ్చారు. కూర్చో, నేర్పిస్తాను."

"నిన్ను అంతలేసి మాటలన్నాను కదా."

"అన్నావు. అందులో ఒకటి నిజమే, సొంత సొత్తనే అనుకున్నాను. బకెట్టు అందుకో, ముందు గంజి వదలాలి."

గంజి వదలడానికి మూడు నీళ్లు పట్టింది. ఇద్దరూ రెయిలింగు ఊసెత్తలేదు. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు, బిషప్ గారి బల్ల మీద కాగితాలు నలుగుతూనే ఉన్నాయి.

ఆ ఆదివారం ఆడపడుచు కుడివైపు బెంచీలు వదిలి, వెనక వదిన పక్కన వచ్చి కూర్చుంది. మనసు మారి కాదు, తను ఇస్త్రీ చేసిన గుడ్డలు ఎలా వచ్చాయోనన్న భయం కొద్దీ. పూజ మధ్యలో మెడ సాచి పీఠం వైపు చూసి, చెవిలో గొణిగింది.

"వదినా, ఎడమ అంచు వంకరగా వచ్చింది కదూ?"

ఫాదర్ గారు అప్పాన్ని ఎత్తుతున్నారు. ఇస్త్రీ అక్క ఆడపడుచు గడ్డం పట్టుకుని, తల కాస్త పైకెత్తింది.

"అటు కాదే, పైకి చూడు."