ఉగ్గుగిన్నెల లెక్క

కరువు రెండో ఏడు ఆశ్వయుజం నాటికి మా ఇంట రెండు ఎద్దులు, ఒక ఆవు, పదకొండు మేకలు పోయాయి. కార్తీకంలో ఏడాది నిండని ఆడబిడ్డ పోయింది.

ఉదయగిరిలో మా వీధి బావి ఎండిపోయింది. నా భార్య వాగులో తవ్విన చెలమ నుంచి రోజుకు రెండు కడవలు తెచ్చేది. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి గనుక నీళ్ళు పంచే పని నాది. పెద్దపిల్లలు ముగ్గురికీ తలా రెండు ముంతలు, పసిదానికి నాలుగు ఉగ్గుగిన్నెలు. అది తాగినదంతా వెంటనే ఉచ్చ పోసేది, మళ్ళీ నీళ్ళకు ఏడ్చేది. ఇంకో గిన్నె పట్టబోయిన భార్య చేతిని ఆపాను.

"ఎక్కువ నీళ్ళకు మరిగితే మిగతావాళ్ళు ఏం తాగాల?" అన్నాను.

అలా పదహారు రోజులు గడిచాక పక్కింటి అవ్వ వచ్చింది. ఉతకడానికి నీళ్ళు లేక ఎండలో వేసిన పొత్తిళ్ళకు చీమలు పట్టి ఉండటం చూసింది.

"ఏరా, ఇంత లెక్కలోడివి, ఈ చీమలు కనపళ్ళేదా? బిడ్డది తీపి ఉచ్చరా. మధుమేహం. మా తమ్ముడు ఇట్నే పోయినాడు."

"మందుండాదా అవ్వా?"

"లేదు. నీళ్ళన్నా పొయ్యి."

ఆత్మకూరు వైద్యుడూ అదే చెప్పాడు. అవ్వ తన కడవలోంచి కూడా తెచ్చి పోసింది. బిడ్డ రోజుకు పది గిన్నెలు తాగింది. తొమ్మిదో రోజు కళ్ళు మూసింది. ఏడవడానికి మాకు ఓపిక లేదు.

వానలు పడ్డాక అవ్వ నీళ్ళు తీర్చాను. బిడ్డకు నేను ఆపినవి, రోజుకు ఆరు గిన్నెల చొప్పున, ఈనాటికీ బాకీ తొంభై ఆరు.