సత్తిబాబు మాస్టారు సరిచేసిన గురి

తుపాకీ కదలకుండానే గురి తప్పుతుందంటే మీరు నమ్ముతారా? మూడేళ్ల క్రితం నేను నమ్మలేదు. పైగా, తప్పు మరొకరిదని అందరి ముందూ నిరూపించాను కూడా. ఈ ఉదయం రాజమహేంద్రవరంలోని షూటింగ్ రేంజిలో తుపాకీ నూనె వాసన తగలగానే, ఆ వాదనను నేనే వెనక్కి తీసుకునేలా చేసిన సత్తిబాబు మాస్టారు గుర్తుకొచ్చారు.

సైన్యంలో పనిచేసి వచ్చి, మా కాలేజీ విద్యార్థులకు రైఫిల్ నేర్పిన మనిషి ఆయన. మాట తక్కువ. డిబేటు పోటీల్లో అప్పటికే పేరు తెచ్చుకున్న నేను ఆయన ప్రతి సూచనకూ కారణం అడిగేదాన్ని. "కప్పులు కొట్టిన నోరు కదమ్మా, ఆ అట్టతో వాదించు, ఏమంటుందో చూద్దాం" అంటూ యాభై మీటర్ల దూరంలోని గురి అట్టను చూపించేవారు.

గురిచూడటానికి దుర్భిణిలాంటి స్కోపు ఉన్న రైఫిల్ మాకు ఒక్కటే. దాన్ని నేనూ, నా సహాధ్యాయిని పద్మజా పంచుకునేవాళ్లం. శనివారం ఎంపిక పోటీ, జట్టులో ఖాళీ ఒక్కటే. ఆ బుధవారం నా గుళ్లు అట్ట మీద చెల్లాచెదురుగా పడ్డాయి. నాకంటే ముందు పేల్చింది పద్మజ కాబట్టి, స్కోపు మరలు ఆమే తిప్పిందని ఆరుగురు తోటివారి ముందు ఆరోపించాను. ముట్టుకోలేదని ఆమె చెబుతున్నా ప్రశ్న మీద ప్రశ్న వేశాను. చివరికి పద్మజ కళ్లజోడు తుడుచుకుని, "శనివారం నేను రాన్లే. నువ్వే పేల్చుకో" అని వెళ్లిపోయింది.

మాస్టారు తిట్టలేదు. "మర తిప్పితే గుళ్లన్నీ కలిసి ఒకే పక్కకి పోతాయమ్మా. ఇవేంటి, నాలుగు దిక్కులకీ పోయాయి?" అన్నారు. రైఫిల్ ఖాళీ చేసి ఇసుక సంచుల మీద ఆనించారు. చేతులు వెనక్కి కట్టుకుని, స్కోపులో చూస్తూ తల మాత్రం కొద్దిగా అటూ ఇటూ కదపమన్నారు. రైఫిల్ కదల్లేదు. అద్దంలోని గీతల కూడలి మాత్రం అట్ట మీది నల్లచుక్క మీద నుంచి పక్కకు జారి, మళ్లీ వచ్చింది.

"పద్మజ ఏమైనా కదిపిందా?"

"లేదండి."

"మరి?"

అప్పుడు గుర్తొచ్చింది. కళ్లజోడు తీసి గురిచూసే పద్మజ, స్కోపులో కంటివైపు అద్దాన్ని తన చూపుకు సర్దుకుంది. నాకు మసకగా కనబడితే ఆ అద్దాన్ని వదిలేసి, దూరానికి తగ్గట్టు తిప్పే పక్క నాబ్‌ను తిప్పి, అట్ట స్పష్టంగా కనబడింది కదా అని తృప్తిపడ్డాను. ఆ నాబ్ సరిగ్గా లేకపోవడం వల్లే, గుండు గుండుకీ నా తల కాస్త కదిలినా గురి జారింది. తిప్పిన చెయ్యి నాదే.

ఆయన ముందు కంటి అద్దాన్ని, గీతలు పదునుగా కనిపించేదాకా, నా చేత సర్దించారు. తర్వాత, తల కదిపినా గీతలు చుక్క మీదే నిలిచేదాకా నాబ్ తిప్పించారు. రైఫిల్ కర్ర మీద గుడ్డ ప్లాస్టరు ముక్క అతికించి, ప్రతి గుండుకూ చెంప అక్కడే ఆనాలన్నారు. తప్పు నాదేనండి అన్నాను.

"నాకెందుకమ్మా? ఎంతమంది ముందు అన్నావో అంతమందికీ చెప్పు. ముఖం మీద అన్నావు, ఫోన్లో కుదరదు."

ఐదుగురు హాస్టల్లోనే దొరికారు. ఆరో అమ్మాయి తుని వెళ్లిపోయింది. గురువారం ప్రాక్టీసు మానుకుని రైలెక్కాను. "ఈ మాట చెప్పడానికి ఇంత దూరం వచ్చావా ఏంటి?" అని ఆమె గుమ్మంలోనే నవ్వింది. వచ్చానన్నాను. శుక్రవారం పద్మజ ఇంటికి వెళ్లి, ఎవరెవరికి చెప్పానో పేర్లతో సహా చెప్పాను. ఆమె, "శనివారం స్కోపు అద్దం నా చూపుకు సర్దుకోడానికి టైమిస్తావా?" అని మాత్రం అడిగింది.

శనివారం వచ్చింది. జట్టులోకి ఆమే వెళ్లింది. ఒక రోజు సాధన పోవడం వల్లే ఓడిపోయానని వాదించగలను. వాదించను.

మాస్టారు ఇప్పుడు లేరు. గుండు నింపే ముందు తల కదిపి చూసుకునే అలవాటు నాలో మిగిలింది. మీరు ఎవరినైనా నలుగురిలో అన్యాయంగా నిందించి ఉంటే, విన్నవారి పేర్లు ఈ రోజే రాసుకోండి. ఒక్కొక్కరి దగ్గరికీ మీరే వెళ్లి చెప్పండి. అందరికంటే దూరాన ఉన్నవారి దగ్గరికి ముందు బయలుదేరండి.