జాబితా కింద ఖాళీ చోటు

తిరుపతిలో మా కాలేజీ నుంచి శ్రీకాళహస్తి, పాకాల, పలమనేరు కేంద్రాలకు వీడియో పాఠాలు ఒకేసారి పంపే రోజులవి. ఏ ఊరికి ఏ పాఠాన్ని పోనివ్వాలో మా రౌటర్లో జాబితాలు రాసేది మా సీనియర్. రాశాక ఒక్కో వరుసా వేలు పెట్టి చదివేవాడు. చివర్న, ఖాళీ చోట తెరకు వేలు ఆనించి, "ఈడ ఇంగొక వరుస ఉండాదప్పా, కనబడదు" అనేవాడు. జాబితాలో లేని పాఠాన్ని రౌటరు ఆపేస్తుంది. ఆ మాట మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఇంత చాదస్తమా అని ఒకసారి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"లెక్కల మేడం ఆపరేషన్‌కు పోయే ముందురోజు పాఠం చెప్పింది. పలమనేరు జాబితాలో దాన్ని చేర్చడం మర్చిపోయినాను. ఆ ఊర్లో పిల్లోళ్ళు గంటసేపు నల్ల తెర సూస్తా కూర్చున్నారంట. 'వచ్చినాక వాళ్ళకు మళ్ళీ చెప్తాలే' అనింది ఆయమ్మ. రాలేదు."

తర్వాత పలమనేరు కేంద్రం మూసేశారు. ఆయన రిటైరయ్యాక పాత జాబితాలు తీసెయ్యమని కాలేజీవాళ్ళు నాకు చెప్పారు. పలమనేరు జాబితా తెరిచాను. అట్టడుగున, ఆ పాఠాన్ని పోనివ్వమని ఆయన ఆలస్యంగా చేర్చిన వరుస అలాగే ఉంది.

దాని కింద ఖాళీ చోట వేలు ఆనించాను. తీసెయ్యడానికి చేతులు రాలేదు.