మరియమ్మక్క వద్దన్న గాజు

ఆత్మకూరులో నా సెల్‌ఫోన్ల దుకాణానికి రెండు గదుల అవతల మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. రాగి తీగ చుట్టిన మోటారుకు వార్నిష్ పోసి ఆరబెట్టినప్పుడల్లా ఆ ఘాటు నా కౌంటర్ దాకా వస్తుంది. ఫోన్లు కొనడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం గుండెల నిండా పీలుస్తాను. నాకది మరియమ్మక్క వాసన. ఆడమనిషి మోటార్లు చుట్టడమేమిటని నవ్విన ఉదయగిరి ఊరి చేతనే, చుడితే ఆమే చుట్టాలని అనిపించుకున్న మనిషి. ఆమె దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఈనాటికీ గొప్పే.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతబట్టుకుని, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఇరవై ఆరో ఏట ఆమె షాపులో చేరాను. పొగరు మాత్రం తగ్గలేదు. మొదటిరోజే ఆమె నా చేతులవైపు చూసి, "ఆ గాజులు తీసి మేకుకు తగిలించుమే. ఈడ పనికిరావు" అంది.

"ఇత్తడి గాజులకు ఏమవుద్ది అక్కా? ఇదంతా నేను చదువుకున్నదే" అన్నాను.

ఆమె నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. దాని మీద నిలువుగా పేర్చిన ఇనుప రేకుల దిమ్మ ఉండేది. దిమ్మ అడుగున ఒక తీగచుట్ట, దానికి కరెంటు. పైన అట్టముక్క, అట్టమీద ఇంకో చుట్ట, దానికి టార్చిలైటు బల్బు. చుట్టకూ చుట్టకూ ఎక్కడా అంటు లేదు. స్విచ్ వేయగానే బల్బు వెలిగింది. పై చుట్టను ఎత్తి పక్కకు జరిపితే మందగించింది. పుస్తకంలో వందసార్లు చదివిన సంగతే అయినా కళ్లతో చూడడం అదే మొదలు. తర్వాత ఆమె నా గాజొకటి అడిగి ఆ దిమ్మకు తొడిగింది. కాసేపు ఆగి, స్విచ్ ఆపి, "తీసుకో" అంది. పట్టుకున్నానో లేదో చురుక్కుమంది. వేళ్లు నోట్లో పెట్టుకున్నాను.

"కింది చుట్ట పంచతానే ఉంటాది. పుచ్చుకునేది చుట్టో, మధ్యలో దూరిన గాజో దానికి తెలవదు. మనం చూసుకోవాల" అంది.

అక్కడే నా చదువు మొదలైందని చెప్పాలి. మూడేళ్లు ఆమె దగ్గర చేసి, ఆత్మకూరు వచ్చి సొంత దుకాణం పెట్టుకున్నాను. కొన్నాళ్లకు వైరు లేకుండా ఫోనుకు చార్జింగ్ ఎక్కించే పలకలు వచ్చాయి. అందరూ ఇదేదో మాయ అన్నారు. నేను ఒకటి విప్పి చూశాను. లోపల జంతికలా చుట్టిన రాగి తీగ. ఫోను వీపులోనూ అలాంటిదే ఇంకొకటి. పలకలోని కరెంటు సెకనుకు లక్షసార్లకు పైగా అటూ ఇటూ మారుతుంటే, దాని అయస్కాంత ప్రభావానికి ఫోనులోని తీగలో కరెంటు పుడుతుంది. అంతా మరియమ్మక్క బల్లే, కాస్త చిన్నదైంది, అంతే. ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

నిరుడు ఉదయగిరి వెళ్లేసరికి ఆమె చేతులు వణుకుతున్నాయి. షాపు మూసేసింది. దానికి కూడా అంత బాధపడలేదు గానీ, "ఫోనుకు చార్జింగ్ పిన్ను పెట్టాలంటే రోజూ పక్కింటామెను పిలవాల్సొస్తా ఉండాది. ఎన్ని మోటార్లు చుట్టిన చెయ్యిమే ఇది" అంది.

మరుసటి వారమే ఒక పలకా, నేను కొన్నాళ్లు వాడి పక్కన పెట్టిన ఫోనూ పట్టుకుని బస్సెక్కాను. పడితే పగలకుండా కవరు తీయకుండానే ఇచ్చాను. గొప్పగా పలక మీద పెట్టాను. పలకకున్న చిన్న దీపం వెలిగింది, ఆరిపోయింది. మూడుసార్లు పెట్టినా అంతే. పైగా ఫోను కాలుతోంది. తల కొట్టేసినట్టయింది.

"పలకే బాగలేనట్టుంది అక్కా, మార్చుకొస్తాను."

ఆమె వణికే అరచేతిని పలక మీద ఒకసారి, ఫోను మీద ఒకసారి ఆనించింది. "దాని మీద నింద ఎయ్యమాక. వేడి ఫోను వీపున ఉండాది. కవరు తీ."

తీశాను. లోపల రాగి రేకు. నేను స్కూటరు కొన్నప్పుడు దారిలో ఏ ఆపదా రాకూడదని మా అమ్మ నా ఫోను కవరులో పెట్టిన రక్షరేకు. నేను మరిచేపోయాను.

"మళ్లీ గాజు తెచ్చినావా?" అంది మరియమ్మక్క. ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. తర్వాత ఆ రేకును నా చేతిలో పెట్టి, "అమ్మ ఇచ్చింది, పారెయ్యమాక" అంది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి ఆమె.

ఈసారి దీపం ఆరలేదు. కానీ ఆమె స్వయంగా పెడితే, చెయ్యి వణికి ఫోను పక్కకు జరిగేది. చుట్టలు ఎదురెదురుగా కుదరడం లేదు. ఆమె క్షణం ఆలోచించి, మోటారులో తీగలు బయటికి రాకుండా బిగించే వెదురు బద్దలు పాత డబ్బాలోంచి తీయించింది. ఫోను పక్క అంచుకు ఆనేలా ఒకటి, కింది అంచుకు ఆనేలా ఒకటి పలకకు అంటించమంది. "వణికితే వణకనీ. బద్దకు తగిలి దాని చోట్లో అదే నిలబడతాది."

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "నూరు చూపిస్తా ఉండాది. ఎవురినీ పిలవలేదు" అని పెట్టేసింది.

ఇప్పుడు నా దుకాణంలో ఏ ఫోనైనా ముందు కవరు విప్పాకే పలక మీద పెడతాను. పెద్దవాళ్లు కొంటే ఆ పలకకు రెండు వెదురు బద్దలు నేనే అంటించి ఇస్తాను. ఇవి కంపెనీవాళ్లు ఇచ్చినవా అని అడుగుతారు.

కాదు, మా అక్క ఇచ్చినవి అంటాను.