నీళ్లలో పరిచిన బండలు

1969 జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నా భార్య ఒక అట్టపెట్టె మూత తీసి, లోపల ఉన్న ముక్కలన్నీ చాప మీద బోర్లించింది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం, ఆ పెట్టె అడుగున నేను పెన్సిలుతో "మొదలు 3.10" అని రాసుకోవడమే. "పూర్తి" అన్న మాట పక్కన ఏమీ రాయలేదు. ముప్పైకి పైగా ముక్కలు తక్కువై ఆ బొమ్మ పూర్తికాలేదు. అందుకే ఆ పెట్టె ఇంట్లో ఉండిపోయింది.

ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం వల్ల బడులు నెలల తరబడి తెరవలేదు. నేను తాండూరు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరి అప్పటికి ఆరు నెలలు కాలేదు. బడి లేదు కాబట్టి వికారాబాదులో మా అద్దె ఇంట్లోనే, ఉన్న పుస్తకాలు రెండోసారి చదువుతూ గడుపుతున్నాను. నా భార్య కొండ మీది ఆసుపత్రిలో నర్సు. క్షయ రోగులు అక్కడ ఎనిమిది నెలలు, కొందరు ఏడాది కూడా మంచం మీద ఉండేవాళ్లు. విదేశాల నుంచి ఎవరో దాతలు దుప్పట్లతో పాటు జిగ్‌సా పజిళ్లు పంపేవాళ్లు. మేం వాటిని ముక్కల బొమ్మలు అనేవాళ్లం. అన్నీ వాడినవే. కొన్నింటికి పెట్టెలే ఉండేవి కావు, గుడ్డ సంచుల్లో వచ్చేవి. రోగులకు ఇచ్చే ముందు ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసే పని పెద్ద సిస్టర్ ఆమెకు అప్పగించారు. ఆమె నాకు అప్పగించింది.

"ఊకె కూసొని గోడలు చూస్తున్నరు గద. గివి జర కలిపి చూడుండ్రి."

"పిల్లల ఆట నాకెందుకే?"

"పిల్లల ఆటైతె ఇంత తిప్పలెందుకుంటది? లెక్కల సారు గద, ముందుగాల నాలుగు మూలలు దొరికియ్యుండ్రి చూద్దాం."

మూడు మూలలు దొరికాయి. నాలుగోది అసలు లేదని నమ్మడానికి నాకు గంటన్నర పట్టింది. ఆమె నవ్వింది. ఆ పని ఎప్పుడు సరదాగా మారిందో నాకు తెలియదు. ఆసుపత్రి పని అనుకుంటూనే పదేళ్లకు పైగా చేశాం.

బడులు తెరిచాక నేను వారమంతా తాండూరులో ఒక గదిలో ఉండేవాణ్ని. శనివారం సాయంత్రం ప్యాసింజరులో వికారాబాదు వచ్చి, సోమవారం పొద్దున తిరిగి వెళ్లేవాణ్ని. ఒక్కోసారి నా చేతిసంచిలో ఒక బొమ్మ కూడా తాండూరు వచ్చేది. ఇద్దరిలో ఒకరు పేర్చాలి, ఇంకొకరు చూడాలి, ఆ తర్వాత పెట్టె అడుగునో, సంచికి కుట్టిన అట్టముక్క మీదో అభిప్రాయం రాసి ఇద్దరం సంతకం చేయాలి. మా అభిప్రాయాలు చదివేది పెద్ద సిస్టర్ ఒక్కరే. అయినా వాటి కోసం వాదించుకునేవాళ్లం. "ముక్కలు వదులు. కింద పెట్టుకునే చెక్కపలక కొంచెం వంగినా జారిపోతాయి. పడుకుని పేర్చేవాళ్లకు పనికిరాదు" అని నేను రాసేవాణ్ని. "ఆకాశం చాలా ఎక్కువ. జ్వరం ఉన్నవాళ్లకు ఇవ్వొద్దు" అని ఆమె రాసేది. ఇంగ్లండు వంతెనల బొమ్మలు నాకు నచ్చేవి. వాటి కింద ఆమె ఎప్పుడూ ఒకటే మాట రాసేది: "మనుషులు లేరు." ఒకటి రెండు ముక్కలు తక్కువైతే ఎక్స్‌రే ఫిల్ములు వచ్చిన అట్టపెట్టె కత్తిరించి, రంగు పెన్సిళ్లతో రుద్ది ముక్కలు చేసేది. నా కంటికి అవి కనబడిపోయేవి. రోగులెవరూ పట్టుకున్నట్టు గుర్తులేదు.

ఆమె పెట్టిన నియమాలు రెండు. వార్డులోకి వెళ్లిన బొమ్మ మళ్లీ ఇంటికి రాకూడదు. ఒక బొమ్మ పూర్తిచేసి కట్టేదాకా రెండోదాన్ని విప్పకూడదు.

1974 వానాకాలంలో పెట్టెలు లేని రెండు సంచులు వచ్చాయి. రెండింట్లోనూ మూడు వందల ముక్కలు. ఒకటి సముద్రపు ఒడ్డున పడవలు. రెండోది ఏదో పాత ఇంటి ముంగిలి, బండలు పరిచి ఉంది, గడపలో ఒక ముసలామె కోళ్లకు గింజలు వేస్తోంది. పడవల బొమ్మ నేను పేర్చాను. అడుగు వరసలో నీళ్లు సరిగా లేవు. బూడిద రంగులో గీతలు గీతలుగా ఉన్నాయి. ముక్కలు మాత్రం గట్టిగా, సందు లేకుండా అతికాయి. "అడుగున అచ్చు బాగాలేదు. మిగతా అంతా సరిపోయింది" అని రాశాను. ముంగిలి బొమ్మ ఆమె పేర్చింది. "ముంగిట వాననీళ్లు నిలిచాయి. బాగుంది. ఆడవాళ్ల వార్డుకు ఇవ్వొచ్చు" అని రాసింది. రెండింటి మీదా ఇద్దరం సంతకం చేశాం. ఒకరు పేర్చింది ఇంకొకరు నిజంగా చూశామా అంటే, చూసే ఉంటాం. చూసి, రాసి ఉన్నది నమ్మి ఉంటాం.

పడవల బొమ్మ మగవాళ్ల వార్డులో ఒక పెద్దాయనకు వెళ్లింది. తాండూరు మనిషి, నలభై ఏళ్లు బండలు చెక్కి, పరిచినవాడు. నా భార్య ఆయన్ను చాచా అనేది. ఆయనకు ఆ నెలలోనే కొత్త మాత్రలు మొదలుపెట్టారు. వాటివల్ల ఎవరికో ఒకరికి చూపు మసకబారవచ్చు, రంగులు తేడాగా కనబడితే వెంటనే చెప్పాలి అని డాక్టరు ముందే హెచ్చరించారట. చాచా నాలుగు రోజులు కూర్చుని బొమ్మ పేర్చాడు. అయిదో రోజు మాత్రలు మింగనన్నాడు. డాక్టరు అక్షరాలు చదివించారు, రంగు కాగితాలు చూపించారు. కళ్లు బాగానే ఉన్నాయన్నారు. చాచా నమ్మలేదు. ఎదురుగా పలక మీద బొమ్మ ఉంది, అందులో సముద్రం సముద్రంలా లేదు.

ఆదివారం నా భార్య నన్ను కొండ మీదికి తీసుకుపోయింది. వరండాలో మంచం మీద చాచా దిండుకు ఆనుకుని ఉన్నాడు. పలక ఒళ్లో ఉంది.

"సారూ, గిది పాసు చేసింది మీరే గద? నీళ్లల్ల బండలెట్ల పరుస్తరు?"

"అది అచ్చులో పొరపాటు చాచా. రంగు సరిగా పడలే."

"రంగు పడకపోతె సందులెట్ల పడ్డయ్? ఇగో, బండకు బండకు నడుమ సున్నం గీత. నాకైతె గిక్కడ బండలే కనబడుతున్నయ్. మీకేం కనబడుతున్నయ్, ఖుదా మీద ఒట్టేసి చెప్పుండ్రి."

నేను వంగి చూశాను. కాసేపు నీళ్లే అనిపించింది. కాసేపు బండలనిపించింది. నేను రాసిన అభిప్రాయం సంచికి వేలాడుతూ పక్కనే ఉంది.

"నీళ్లే కావచ్చు" అన్నాను.

"అయిపాయె" అని ఆయన నా భార్య వైపు తిరిగాడు. "సారుకు నీళ్లు కనబడుతున్నయ్, నాకు బండలు కనబడుతున్నయ్. నా కండ్లు పోయినయ్ బిడ్డా. గా గోలీలు నాకొద్దు."

కొండ దిగి, బస్సు దిగాక ఆమె అంది.

"బండలైతె బండలని చెప్పరాదా?"

"సముద్రంల బండలు పరిచినరని ఎట్ల చెప్తనే?"

"మీరు రాసిన మాట పట్టుకొని ఏలాడుతున్నరు. ఆడ ఆయన గోలీలు బంద్ చేసిండు. మొన్నటిసంది మళ్ల జ్వరం. అది తెలుస్తుందా మీకు?"

తెలుస్తోంది. కానీ ఏం చేయాలో తెలియడం లేదు. ముక్కలు తప్పుగా ఉంటే అతకవు. అతికితే తప్పు కాదు. అంతకు మించి నా బుర్రకు తోచలేదు. ఆ వారం తాండూరులో పిల్లలకు లెక్కలు చెబుతూ కూడా అదే అనుకున్నాను. రోజూ నడిచే దారిలో ఇళ్ల ముందు పరిచిన బండలు చూస్తూ ఆ అడుగు వరసను గుర్తుచేసుకునేవాణ్ని. ఎంత గుర్తుచేసుకుంటే అంత తేడాగా కనబడేది.

మళ్లీ ఆదివారం వెళ్లాం. చాచా మాత్రలు మానేసి అప్పటికి తొమ్మిది రోజులు. పలక అలాగే ఉంది, ఆయన దాన్ని తీయనివ్వలేదు. ఆయన్ను కాస్త నవ్విద్దామని నా భార్య ఆడవాళ్ల వార్డు సంగతి చెప్పింది. అక్కడ బంట్వారం ఊరి నుంచి వచ్చిన ఒకామె ముంగిలి బొమ్మ పేర్చి, రోజూ దాన్ని చూసి మురిసిపోతోందట.

"మా దిక్కు గిట్ల వాన పడితె ఎంత మంచిగుండు సిస్టరమ్మా, గడప దాంక అలలొచ్చినయ్ అంటది చాచా."

చాచా ముఖం మారింది. "అలలా? వాననీళ్లకు అలలెక్కడియి? అండ్ల ముంగిట్ల ఏం పరిచిండ్రు?"

"బండలే."

"గా బొమ్మ తెప్పియ్యి బిడ్డా."

ఆయా పలకతో సహా తెచ్చింది. బంట్వారం ఆమె వరండా చివర నిలబడి, తన బొమ్మ చెడగొడతారేమోనని చూస్తోంది. చాచా రెండు పలకలూ పక్కపక్కన పెట్టించుకున్నాడు. పడవల బొమ్మ అడుగు నుంచి ఒక ముక్క తీశాడు. ముంగిలి బొమ్మలో సరిగ్గా అదే చోట ఉన్న ముక్క తీశాడు. దీన్ని అక్కడ, దాన్ని ఇక్కడ పెట్టాడు. రెండూ చప్పుడు లేకుండా కూర్చున్నాయి. నీళ్లలోకి నీళ్లు వచ్చాయి.

"ఒక్కటే సాంచా సారూ, ముక్కలు కోసే మూస. రెండు బొమ్మలు ఒక్క సాంచాతోనే కోసిండ్రు. నీలం బండలు పరిచిన కాడ పసుపు బండ పెట్టు, అది గూడ కూసుంటది. కొలత ఒక్కటైనంక బండ నాకొద్దనదు."

పదకొండు ముక్కలు మార్చాడు. ప్రతి ముక్కకూ ఆగి దగ్గాడు. బంట్వారం ఆమె వచ్చి చూసి, "నా వాన పాయె" అంది. చాచా నీళ్లు అడిగి, అందరి ముందూ మాత్రలు మింగాడు. తర్వాత నాతో అన్నాడు: "డాక్టరుకు మీ కండ్లు సూపెట్టుకోండ్రి సారూ, పట్టనట్టు బేఫికర్‌గ ఉండకుండ్రి."

రెండు సంచులూ ఒకేసారి విప్పి, అంచు ముక్కలు ఒకే కుప్పగా వేసి ఏరితే తప్ప ఇలా జరగదు. మా ఇద్దరిలో ఎవరో ఒకరు నియమం తప్పారు. తర్వాత రెండు వారాలు కొత్త బొమ్మ రాకపోవడంతో అడిగాను.

"బొమ్మలు పెట్టే బీరువ తాళం నా దగ్గర లేదు. పెద్ద సిస్టర్ తీసుకున్నది" అంది.

"ఎందుకు?"

"పొరపాటు నాదే అని రాసిచ్చిన. రెండు సంచులు నేనే విప్పిన."

ఏడాది తర్వాతే తాళం తిరిగి ఇచ్చారు.

నాకు రెండు జ్ఞాపకాలున్నాయి. ఒకదాంట్లో తాండూరు గదిలో నా మంచం మీద దుప్పటి పరిచి, రెండు సంచులూ గుమ్మరిస్తున్నాను. త్వరగా పూర్తిచేసి శనివారం ఆమెను ఆశ్చర్యపరచాలని. బయట వాన. రెండోదాంట్లో తడిసిన గొడుగుతో వికారాబాదు ఇంట్లోకి అడుగుపెడుతున్నాను, చాప నిండా ముక్కలు, పక్కన రెండు ఖాళీ సంచులు, "తొక్కకుండ్రి" అని ఆమె అరుస్తోంది. అక్కడా వానే. రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఒకటి నిజమైతే రెండోది నేను కల్పించుకున్నది. ఏది ఏదో తెలియదు. ఆ రోజుల్లో తెలిసే ఉండాలి, కానీ అప్పుడు కూడా కచ్చితంగా తెలిసినట్టు గుర్తులేదు.

మరుసటి వేసవికి చాచా నయమై ఇంటికి వెళ్లాడు. ఒకరోజు తాండూరు బజారులో ఎదురయ్యాడు. ఒళ్లు చేశాడు.

"బిడ్డ మంచిగున్నదా సారూ? గా బొమ్మల పొరపాటు నాదే, మాఫ్ చెయ్యి చాచా అని నా చేతులు పట్టుకున్నది. నిజంగ ఆమెదేనా?"

"ఆమెదే" అన్నాను.

ఎందుకంత త్వరగా అన్నానో తెలియదు. ఆయన నా ముఖం కాసేపు చూసి, చాయ్ తాగుదాం రమ్మన్నాడు. బడికి వేళవుతోందని చెప్పి వచ్చేశాను. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు.

1983లో, కొంచెం ధైర్యం చేసి, ఒక్కసారి అడిగాను. "నిజం చెప్పు. ఆ సంచులు విప్పింది నేనా, నువ్వా?"

ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఎన్నేండ్లాయె. చాచా గోలీలు మింగిండు గద, ఇంకెందుకు?"

"నేనే అయితె?"

"నేనే అని రాసిచ్చిన గద. మళ్ల మీరు నన్ను అబద్ధాలదాన్ని చేస్తరా?"

అది జవాబో కాదో నాకు అర్థం కాలేదు. నా పొరపాటును తన మీద వేసుకున్నట్టు చెబుతోందా, లేక నిజంగానే తనదై, నా అనుమానానికి విసుక్కుంటోందా? మళ్లీ అడగవచ్చనుకున్నాను. 1985 చివర్లో ఆమె పోయింది. జబ్బు గురించి ఇక్కడ రాయను.

అప్పటికే కొత్త మందులు వచ్చి, రోగులు కొన్ని వారాలకే ఇళ్లకు వెళ్తున్నారు. ముక్కల బొమ్మలు అడిగేవాళ్లు తగ్గారు. ఇంట్లో ఒక సంచి మిగిలింది. ఆమె తెచ్చింది, ఇద్దరం విప్పలేదు. ఆమె పోయిన ఏడాదికి, మొన్న చలికాలంలో దాన్ని ఒక్కణ్నే పేర్చాను. ముక్కలన్నీ ఉన్నాయి, అన్నీ అతికాయి. అడుగున కుడివైపు గడ్డి మిగతా గడ్డి కంటే కొంచెం ముదురుగా ఉంది. నీడ కావచ్చు. వేరే బొమ్మ ముక్కలు కావచ్చు. రెండు రోజులు చూశాను. రాయడానికి పెన్సిలు తీసి, మళ్లీ పెట్టేశాను. తాండూరు బడి నుంచి బదిలీ అయి వచ్చేసినా, చాచాకు నిజం చెప్పాలని మళ్లీ అక్కడికి వెళ్లాను. ఏ నిజం చెప్పాలో తెలియక స్టేషను నుంచే వెనక్కి వచ్చాను.

ఒకరు పేర్చింది ఇంకొకరు చూసే పని మా ఇంట్లో ఇప్పుడు లేదు.