రెండు కట్టలు, ఒక బుల్లి నాలుగు

అరకు కొండల్లో ఫారెస్టు గుమాస్తాగా చేరేనాటికి నాకు ఇరవయ్యేళ్లు. తలలో కాలేజీ లెక్కలు, తల మీద కొత్త టోపీ. అప్పుడే ఒక ఉత్తర్వు వచ్చింది: చెట్లు తరిగిపోయిన కొండల్ని మూసేస్తారట. అక్కడ ఇక పోడు చెయ్యకూడదు, విస్తళ్లకు అడ్డాకు కొయ్యకూడదు, చింతకాయ ముట్టకూడదు. మా కొండ మీద చెట్లెన్నో లెక్క పంపమన్నారు.

లెక్కపెట్టింది నేనా? ఊరివాళ్లే నెలరోజులు తిరిగారు. పది చెట్లకు అడ్డతీగ నారలో ఒక ముడి, పది ముళ్లకు ఒక పెద్ద ముడి. పది పెద్ద ముళ్లయితే ఒక తాడు, పది తాళ్లు ఒక కట్ట. చివరికి ఊరిపెద్ద రెండు కట్టలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

ఇరవై వేలు అని అక్షరాలా రాసుంటే ఏ గొడవా లేకపోయేది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? రెండు ఇంటూ పది అని వేసి, ఆ పది నెత్తిన బుల్లి నాలుగు పెట్టాను. అంటే రెండు పక్కన నాలుగు సున్నాలని. రాసి, మురిసిపోయి, పంపించాను.

కింద ఆఫీసులో నకలు రాసే పెద్దమనిషికి ఆ నాలుగు ఈగ రెట్టలా కనిపించిందట. శుభ్రత గలవాడు, వదిలేశాడు. రెండు పదులు ఇరవై. కొండ మొత్తానికి ఇరవై చెట్లు!

తనిఖీకి అధికారి డోలీలో వచ్చాడు. మోసింది ఆ ఊరివాళ్లే. దారిలో కొమ్మలు తగిలి ఆయన టోపీ మూడుసార్లు పడింది, మూడుసార్లూ వాళ్లే ఏరి ఇచ్చారు. నా బుల్లి నాలుగు నకల్లో పోయిందని చెప్పి తప్పు ఒప్పుకున్నాను. ఆయన మద్దిచెట్టు నీడలో కూర్చుని, "కాగితంలో ఇరవయ్యే ఉందయ్యా" అన్నాడు. ఊరిపెద్ద కట్టలు ముందుంచితే, "ఇవి ఫైల్లో పట్టవు" అన్నాడు. ఆ నీడలోనే సంతకం చేసి కొండ మూసేశాడు.

మర్నాడు ఊరిపెద్ద తన కట్టలు తీసుకుపోవడానికి వచ్చాడు. సిగ్గుతో నేను తలెత్తలేదు.

"మా ముడి ఒక్కటీ ఊడనేదు బాబూ. నీ నాలుగు ఎటెల్లిపోనాది?"

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"గుంటలు, ముసిలోళ్లతో కలిపి ఊరంతా నూటయిరవై మందిమి. రేపు మమ్మల్ని రాత్తే, ఆ సిన్నంకె వద్దు బాబూ. పెద్దగా రాయి."