బుడ్డోడికి నోరొచ్చింది

మొన్న ఆదివారం పొద్దున అద్దంకిలో మా చెల్లెలింట్లో టీవీ ముందు కూర్చుని కాఫీ తాగుతుండగా బుడ్డోడు నోరు తెరిచి మాట్లాడాడు, నాకు గుండె ఆగినంత పనయింది. బుడ్డోడంటే పక్కింటి పసివాడు అనుకునేరు, కాదు. మా చిన్నతనంలో మేమాడుకున్న వీడియో గేములో నెత్తికి నీలం గుడ్డ చుట్టుకుని, పొట్టి కర్ర పట్టుకుని, అడవులూ గోతులూ దాటుకుంటూ పోయే కుర్రాడు వాడు. ఆ గేమును ఇప్పుడు జపానువాళ్ళు బొమ్మల సీరియల్‌గా తీశారట, దాన్ని యానిమే అంటారట, అందులోని మాటలన్నీ తెలుగులోకి కూడా మార్చేశారట. డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురు, మేమిద్దరం చెప్పగా చెప్పగా విని ఉన్న ఆ నీలం తలగుడ్డను చూసి పోల్చుకుని, "పెద్దమ్మా, మీ బుడ్డోడు టీవీలోకొచ్చాడు, తొందరగా రా!" అని ఫోన్ చేస్తే గుంటూరులో బస్సెక్కి ఆఘమేఘాల మీద వచ్చాను. వచ్చి కూర్చున్నానో లేదో, వాడు కొండవైపు చూస్తూ "నేనెవరిని? నా జన్మ రహస్యమేమిటి?" అని గంభీరంగా ప్రశ్నించాడు. సగం కాఫీ నా చీర మీదే పోయింది.

నా ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. టీవీకి వైరు తగిలించి, అరచేయంత కాసెట్టును నోటితో ఉఫ్ ఉఫ్ అని ఊది మరీ పెట్టెలో పెట్టి, బొమ్మ రాకపోతే తీసి మళ్ళీ ఊది, అప్పటికీ రాకపోతే పెట్టె నెత్తిన ఒక్కటిచ్చుకుని ఆడిన ఆటలవి. మిర్చికి మంచి ధర పలికిన ఓ ఏడాది మా బాబాయి గుంటూరు యార్డుకు టిక్కీ బస్తాలు తోలి, వస్తూ వస్తూ ఆ పెట్టెను చంకన పెట్టుకొచ్చాడు. పిల్లలు ఎండన పడి తిరక్కుండా ఇంటిపట్టున ఉంటారని ఆయన ఆశ. కానీ వేసవి సెలవులంటే మాకు కల్లంలో పని ఉండనే ఉండేది. ఎండబోసిన కాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడం మా పిల్లల వంతు, అది ముగించుకుని పరుగున వచ్చి గేము ముందు కూలబడేవాళ్ళం. మిరపకాయల చేతులు ఎంత కడిగినా మంట పోదని మన ప్రాంతంలో ఎవరికి తెలియదు? అయినా ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు ఎవరో ఒకరు కన్ను నులుముకోవడం, లబోదిబోమనడం మామూలే. మొదటిసారి అలా నలుగురం ఒకేసారి కళ్ళు మూసుకుని ఏడుస్తుంటే, మా పిన్ని వంటింట్లోంచి అట్లకాడతో సహా పరుగెత్తుకొచ్చి, "ఆ దిక్కుమాలిన పెట్టెలోంచి ఏదో కొడతంది, ముందు దాన్ని ఆర్పండర్రా!" అని కేకలేసింది.

మా చెల్లెలికి నత్తి. మాట మొదలెట్టడమే దానికి గండం, పెదాలు అతుక్కుపోయి ముఖం కందగడ్డయ్యేది. నేనా, వసపిట్టను. పెద్దదానికి గిన్నెడు వస పోసి, చిన్నదానికి పోయడం మరిచిపోయావని చుట్టాలు ఆటపట్టిస్తుంటే మా అమ్మ నవ్వేసేది గాని, వాళ్ళు వెళ్ళగానే వసకొమ్మును తేనెలో అరగదీసి చెల్లెలి నాలుక మీద రాసేది. బళ్ళో హాజరు పిలిచినప్పుడు అది "ప్రెజెంట్ సార్" అనేలోపు మాస్టారు తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవారు. బెంచీ మీద కూర్చుని ఉండగానే ఆబ్సెంటు పడిన పిల్ల మా ఊరి మొత్తానికి అదొక్కతే.

అటువంటిది బుడ్డోడు చేతికొస్తే చాలు, వేరే మనిషయ్యేది. మేమంతా మొదటి గోతిలోనే పడి చస్తుంటే అది ఒడుపుగా, తొణక్కుండా వాణ్ణి నడిపించుకుపోయేది. దారిలో ఎదురైన ప్రతివాడి నెత్తిన ఓ చదరం తెరుచుకుని అందులో జపాను అక్షరాలు పడేవి, వాటిలో ఒక్క ముక్కా మాకు తెలియదు. బుడ్డోడికి మాత్రం ఆ చదరం ఉండేది కాదు. వాడు మాట్లాడడు, చూస్తాడు, ముందుకు నడుస్తాడు, అంతే. ఆ లోటు పూడ్చడానికి నేనున్నాను కదా! "ఏరా బండోడా, దారి తప్పుకుంటావా, తలకాయ పగలగొట్టమంటావా?" అని వాడి తరఫున నేను వెనక నిలబడి అరుస్తుంటే బాబాయి పిల్లలు పడి పడి నవ్వేవాళ్ళు, చెల్లెలూ నవ్వేది. చివరికి కొండమీద ఓ ముసలమ్మ ఏదో అడుగుతుంది, వాడు ఊరికే నిలబడి ఉంటాడు, కాసేపటికి ఆవిడే చేతిలోని దీపం వాడికిచ్చేస్తుంది. మా ఇంట్లో ఆ దీపం దాకా వెళ్ళింది మా చెల్లెలొక్కతే. ఆ రోజు నేను చెప్పిన డైలాగులకు ఇల్లంతా ఈలలు. బుడ్డోడికి గొంతిచ్చి ఆ ఆటకు కళ తెచ్చిందాన్ని నేనేనని ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు.

ఇప్పుడీ సీరియల్లో వాడు మాట్లాడని క్షణం లేదు. ఒక నక్క తోడయింది, అదీ మాట్లాడుతుంది. చనిపోయిన తండ్రి ఒకడు కల్లోకి వచ్చి హితబోధ చేస్తాడు. ఇవన్నీ ఓర్చుకున్నాను గాని, ఆ మొదటి గొయ్యి వచ్చినప్పుడు మాత్రం నిర్ఘాంతపోయాను. వాడు దాన్ని ఒక్క గెంతులో దాటేసి, నక్కతో కబుర్లాడుతూ వెళ్ళిపోయాడు! మా వేసవి సెలవులన్నీ మింగేసిన గొయ్యి అది! గేముల్లోంచి తీసినవి చాలావరకు ఇంతే పెద్దమ్మా, ఆడినవాళ్ళు చూసి తిట్టుకుంటారు, ఆడనివాళ్ళకు ఏముందో తెలియదు అని మా పిల్ల తేలిగ్గా అనేసింది. ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఆ ఆటలో కథ ఆవగింజంత, మిగతాదంతా మనం పడటం, లేవడం. ఆ గోతిలో పడింది వాడు కాదు, మేము. చూసేవాళ్ళు పడలేరు గనుక, ఆ ఖాళీ నింపడానికి తండ్రులనీ నక్కలనీ తెచ్చి పోస్తారు కాబోలు. ఆకలైన వాడి చేతులు కట్టేసి, పక్కవాడు భోంచేస్తుంటే చూడమన్నట్టుంది.

మధ్యాహ్నానికి కొండ వచ్చింది. ముసలమ్మ అడిగింది. బుడ్డోడు గొంతు సవరించుకుని ధైర్యం గురించీ స్నేహం గురించీ ఉపన్యాసమిచ్చాడు, వెనక వయొలిన్లు మోగాయి, ఆవిడ కరిగిపోయి కళ్ళొత్తుకుంటూ దీపమిచ్చింది. నేను నవ్వబోయి పక్కకు చూద్దును గదా, మా చెల్లెలు పాలిపోయి ఉంది. పొద్దుటి నుంచీ అది ఒక్కమాట అనలేదని నాకప్పుడు తట్టింది.

"ఇదేంటక్కా, మ... మాట్లాడితేనే ఇచ్చిందంటారా?" అంది.

బొమ్మలే కదే అన్నాను నేను. అది తల అడ్డంగా ఊపింది. మాట పెదాల మీద చాలాసేపు పెనుగులాడింది, కూతురు అందివ్వబోతే చెయ్యెత్తి ఆపింది.

"మాట్లాడకుండా గె... గెలిచినోణ్ణి నేను వాడొక్కణ్ణే చూశా. ఆవిడ అడిగింది, వాడు చెప్పలా, అయినా ఇచ్చింది. ఎ... ఎందుకు చెప్పవని అడగలా. దానికోసమే మళ్ళీ మళ్ళీ ఆడేదాన్ని."

మరి నేను చెప్పిన డైలాగుల సంగతేమిటని అడగకుండా ఉండలేకపోయాను. అది చిన్నగా నవ్వింది.

"నువ్వు అరుస్తుంటే నవ్వొచ్చేది గానీ, నాకు వినబడేవి కాదులే."

ఒకే గదిలో, ఒకే తెర ముందు, భుజం భుజం రాసుకుంటూ ఆడిన ఆట అది. చెల్లెలు ఆడింది ఒక ఆట, నేను చూసింది ఇంకొకటి అని ఇంత వయసొచ్చాక తెలియడం కంటే విడ్డూరం ఏముంటుంది?

తిరుగు బస్సులో దాని సంగతే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ కాలంలో మాట్లాడనిది ఏముంది గనుక? ఫోను మాట్లాడుతుంది, లిఫ్టు తలుపు మూసుకుంటూ మాట్లాడుతుంది, బ్యాంకుకు ఫోన్ చేస్తే మెషీనే అడుగుతుంది, జవాబు కాస్త ఆలస్యమైతే క్షమించండి, వినబడలేదంటూ పెట్టేస్తుంది. ఇంతమంది వాగుడుకాయల మధ్య మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఉన్నది ఒకే ఒక్క తోడు. వాడిప్పుడు నోరు తెచ్చుకుని మా జట్టులో చేరిపోయాడు. దాని వైపు ఇక ఎవరూ లేరు.